తెర లేని కారు షెడ్డు

ఏప్రిల్ వచ్చిన దగ్గర నుంచి విశాలి కాలు ఒకచోట నిలవలేదు. తను పాట చెప్పే బడి నుంచి వచ్చి చేతిసంచీ కూడా దించకుండా కారు షెడ్డులోకి దూరడం, పక్కగోడకి వేలాడే థర్మామీటరు వంక చూడడం, ముప్పై తొమ్మిదో నలభయ్యో కనబడగానే ముఖం మాడ్చుకోవడం, ఆ తరవాత వీణ దగ్గర ఒంగి దాని మెట్ల కింద ఉన్న నల్లమైనాన్ని చిటికెనవేలితో తాకి చూడడం. మైనం గట్టిగా ఉంటే గొంతులో నాలుగు గుక్కల మంచినీళ్ళు దిగేవి. మెత్తగా తగిలిందంటే ఆ పూట అన్నం సయించేది కాదు. అరసవల్లిలో ఎండ అందరికీ ఒకటే గాని, విశాలి ఒక్కర్తే దాన్ని తన మీదికే వచ్చిన పగవాడిని చూసినట్టు చూసేది.

కారు షెడ్డులో వీణేమిటని మీరు అడగొచ్చు. అడిగితే తప్పేం లేదు, ఆ వీధిలో అడగనివాళ్ళు లేరు.

వాళ్ళది సూర్యుడి గుడికి వెళ్ళే దారిలో మేడ ఇల్లు. కింది భాగం సోములు, తాయారు అనే మొగుడూపెళ్ళాలకి అద్దెకిచ్చారు. దర్శనానికి వచ్చేవాళ్ళకి ఇడ్లీ, పూరీ వేసే టిఫిను కొట్టు వాళ్ళది. పైన మామగారు భావనారాయణ, అత్తగారు ప్రసూనాంబ, మొగుడు కామేష్, పదమూడేళ్ళ కూతురు ఆశ్రిత, విశాలి. పైన ఉండడం అంటే నడినెత్తిన స్లాబు పెట్టుకుని ఉండడం. మధ్యాహ్నం రెండు దాటితే పడకగదిలో నేల మీద కాలు పెట్టలేరు, గోడకి చెయ్యి ఆన్చలేరు. ఇక కింద వాళ్ళకంటూ మిగిలింది కొట్టు పక్కన ఆ రేకుల షెడ్డు ఒక్కటే. తొమ్మిదడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల లోతు. కామేష్ పాత కారు ఒకటి కొనుక్కుని, దానికోసం ముచ్చటపడి కట్టించాడు.

ఏప్రిల్ మొదటి వారంలో విశాలి థర్మామీటరు పట్టుకుని ఇల్లంతా తిరిగింది. పైన గదిలో నలభై రెండు. కింద షెడ్డులో ముప్పై తొమ్మిది. ఆ మూడు డిగ్రీల తేడా చూసి వీణ మెట్లు దిగింది, కారు వీధిలోకి పోయింది. కామేష్ మందుల కంపెనీలో పని చేస్తాడు, పొద్దున్న ఆరింటికే పలాస వైపు వెళ్ళిపోతాడు, సాయంత్రం సెగలు కక్కుతున్న ఇంజనుతో వస్తాడు. ఆ వేడి బండిని షెడ్డులో పెడితే రాత్రి పదింటి దాకా పొయ్యి వెలిగించినట్టేనని విశాలి గేటుకి అడ్డంగా నిలబడింది. కారు కానుగచెట్టు కింద నిలబడింది. కాకులు తమ పని తాము చేశాయి. కామేష్ నాలుగు రోజులు అలిగాడు, అయిదో రోజు నుంచి పొద్దున్నే బకెట్టూ గుడ్డా పట్టుకుని దిగడం అలవాటు చేసుకున్నాడు.

వీణ సంగతి చెప్పాలి. విశాలికి ఎనిమిదేళ్ళప్పుడు బొబ్బిలిలో సూరయ్య అనే వీణల పనివాడు చేసిచ్చిన వీణ అది. పనసకర్ర, ఒకే దుంగ. ఈ ఏడు మాఘమాసంలో దానికి మళ్ళీ మేళం కట్టించింది. వీణకి మేళం కట్టడం అంటే ఇరవై నాలుగు ఇత్తడి మెట్లనీ దండి మీద, అంటే వీణ మెడ పొడుగునా, మైనంలో నిలబెట్టడం. మేకు ఉండదు, మర ఉండదు. పనివాడు ఒక్కొక్క మెట్టునీ వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ, తీగ మీటి వింటూ, సరైన చోట మైనంలో అదుముతాడు. అంతా చెవిలో పని. తీగ వదులైతే బిరడా తిప్పి సరిచేసుకోవచ్చు గాని, మెట్టు జరిగిందంటే ఎంత తిప్పినా స్వరం దారికి రాదు.

సూరయ్యకి డెబ్బై ఎనిమిదేళ్ళు. మేళం కట్టడం అయ్యాక చేతులు తుడుచుకుంటూ ఆయన విశాలిని దగ్గరికి పిలిచాడు.

"ఇంక నా సేతికి ఈ పని లొంగదు తల్లీ. సూపు ఆనడం లేదు, సెయ్యి వణుకుతన్నాది. ఇదే ఆకరుది. పిల్ల పరీచ్చ దాకా కాసుకో. కుదుపు తగలనీకు, ఎండ తగలనీకు."

ఇంకెవరూ లేరా అంటే ఉన్నారు. కాని వాళ్ళ దగ్గరికి వెళితే వీణ వాళ్ళింట్లో పెట్టి రెండు నెలలు ఆగాలి. అన్ని రోజులు ఎక్కడివి? ఏప్రిల్ నెలాఖరులో విజయనగరంలో ఒక సంగీత సభవాళ్ళు పిల్లల్ని విని, ముగ్గుర్ని ఎంచుకుంటారు. ఆ ముగ్గురికీ పేరున్న విద్వాంసురాలు మూడేళ్ళు దగ్గర కూర్చోబెట్టుకుని పాఠం చెబుతుంది. ఎవరి వీణ వాళ్ళే తెచ్చుకోవాలి. విశాలి తనకి తెలిసినదంతా కూతురికి చెప్పేసింది. ఇంక తన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని ఆవిడకి తెలుసు, ఆశ్రిత చేతులు తనని దాటిపోయాయని కూడా తెలుసు. తనకి ఆ వయసులో ఇలాంటి అవకాశం వచ్చినప్పుడు ఇంట్లో పంపలేదు. అందుకే ఆవిడకి ఆ రోజు దాకా మైనం గట్టిగా ఉండాలి. అంతకు మించి దేవుణ్ణి ఏదీ అడగలేదు.

ఇహ షెడ్డుని చల్లబరిచే పని మొదలయింది. ఊరందరూ సలహాదార్లే. కామేష్ ఫోనులో చూసి థర్మోకోలు పలకలు తెచ్చి రేకుల కింద అంటించాడు. మూడో రోజు మధ్యాహ్నం బంక కరిగి అవి ఒకటొకటిగా ఊడి పడ్డాయి, ఒకటి ప్రసూనాంబ గారి నెత్తిన. తరవాత గోనెసంచులు తడిపి పైన పరిచారు. చల్లబడింది గాని చెమ్మ దిగింది, రెండు తీగలు తుప్పు పట్టాయి. చెమ్మకి కర్ర ఉబ్బుతుందని భయపడి విశాలి తన చేత్తోనే ఆ సంచుల్ని లాగి పారేసింది. బల్లఫ్యాను పెడితే వేడిగాలినే అటు నుంచి ఇటు తిప్పింది. దుప్పటి కప్పితే లోపల ఉడికింది.

చివరికి పని తెలిసినవాడు సోములే అయ్యాడు. కొట్టు కట్టేశాక ఒక సాయంత్రం నిచ్చెన వేసుకుని పైకెక్కి రేకులకి చిక్కగా సున్నం పూశాడు. సున్నంలో ఇంత బంక కలిపాడు, వాన పడినా పోదన్నాడు. దాని మీద వెదుళ్ళు అడ్డంగా పరిచి, జానెడు ఎడం వదిలి, తాటాకు కప్పాడు. ఆ ఎడంలోంచి గాలి పోవాలట. పక్కగోడలో పైవరస ఇటుకలు మూడు ఊడగొట్టి వేడి బయటికి పోవడానికి దారి చేశాడు. మర్నాడు మధ్యాహ్నం థర్మామీటరు ముప్పై అయిదు చూపించింది. విశాలి దాన్ని గోడ మీంచి తీసి, విదిలించి, మళ్ళీ తగిలించి చూసింది. ముప్పై అయిదే. ఆ సాయంత్రం ఆవిడ సోములుకీ తాయారుకీ పాలకోవా పంపింది.

సంతోషం రెండు రోజులు కూడా నిలవలేదు. మధ్యాహ్నం షెడ్డు చల్లగానే ఉంది, మైనం మాత్రం మెత్తగానే ఉంది. ఆదివారం పొద్దున్న కూర్చుని చూస్తే అసలు సంగతి బయటపడింది. షెడ్డు ముఖం తూర్పుకి. ముందు గోడ లేదు, తలుపు లేదు, ఇనుపచువ్వల గేటు ఒక్కటే. వీణ పెట్టిన బల్ల గేటుకి అయిదడుగుల దూరంలో ఉంది. లోపలికి జరుపుదామంటే వెనకగోడకి అవతల తాయారు పొయ్యిలు, పొద్దున్న నాలుగింటి నుంచి మండుతూనే ఉంటాయి, ఆ గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. పైకి మోయిద్దామంటే పైన ఇంకా వేడి, పైగా ఆ ఇరుకు మెట్ల మీద ఏ మలుపులో తగులుతుందో తెలీదు, కుదుపు వద్దని సూరయ్య చెప్పనే చెప్పాడు. పొద్దున్న ఆరున్నర నుంచి తొమ్మిదీ నలభై అయిదు దాకా ఎండ సూటిగా వచ్చి ఆ దండి మీదే కూర్చుంటోంది. విశాలికి ఒంటిపూట బడి. ఏడింటికి వెళితే పన్నెండున్నరకి గాని రాదు. ఆ ఎండని తను ఎన్నడూ చూడలేదు.

ఒక్క తెర కడితే పోయేదానికి ఇంత గోలెందుకని మీకు అనిపిస్తుంది. విశాలికీ అనిపించింది. కాని ఆ ఇంట్లో తూర్పు గుమ్మానికి తెర కట్టడం కుదరదు.

అది భావనారాయణ గారి మొక్కు. వాళ్ళది గుడిలో తరతరాలుగా పారాయణ చేసిన ఇల్లు. కామేష్‌కి ఆరేళ్ళప్పుడు జ్వరం వచ్చి చూపు మందగించింది. అన్నం కంచం ఎక్కడుందో చేత్తో తడుముకునేవాడు. విశాఖపట్నంలో డాక్టర్లు మందులిచ్చారు గాని గట్టిగా ఏ మాటా చెప్పలేదు. భావనారాయణ గారు పిల్లవాణ్ణి భుజాన వేసుకుని గుడికెళ్ళి, వీడికి వెలుగివ్వు స్వామీ, నా ఇంటి తూర్పు గుమ్మానికి తలుపు పెట్టను, తెర కట్టను, నీ వెలుగు ఎంత లోపలికి వస్తే అంత లోపలికి రానిస్తాను అని మొక్కుకున్నారు. నలభై రోజులకి పిల్లవాడు గోడ మీద బల్లిని చూపించి నవ్వాడు. ముప్పై మూడేళ్ళు గడిచాయి. పాత ఇల్లు పడగొట్టి మేడ కట్టినప్పుడు తూర్పున ఈ షెడ్డు వచ్చింది. దొంగల భయం ఉందని అందరూ మొత్తుకుంటే చువ్వల గేటుకి ఒప్పుకున్నారు, వెలుగు ఆగదు గదా అని. రోజూ సూర్యోదయానికి రాగిచెంబుతో ఆ గేటు దగ్గరే నిలబడి అర్ఘ్యం ఇస్తారు.

మొక్కు ఎవరి కళ్ళ కోసమో విశాలికి తెలుసు. ఆ కళ్ళున్న మనిషితోనే కాపురం చేస్తోంది. అందుకే రెండు రోజులు నోరు మూసుకుంది. మూడో రోజు మంగళవారం, మామగారు అర్ఘ్యం ఇచ్చి మేడ ఎక్కగానే పాత నేతచీర ఒకటి రెండు మడతలు వేసి గేటుకి కట్టి బడికి పరిగెత్తింది. బళ్ళో పిల్లలకి పాట చెబుతున్నంతసేపూ మనసు ఆ చీర ముళ్ళ మీదే ఉంది.

పన్నెండున్నరకి వచ్చేసరికి గేటుకి చీర లేదు. చక్కగా మడతపెట్టి బల్ల చివర ఉంది. విశాలి వీణ తీసి ఒళ్ళో పెట్టుకుని మీటింది. పంచమం మెట్టు జారింది. ఎంతో కాదు, నూలుపోగంత. కాని ఆ నూలుపోగుకే పంచమం ఏడుపు గొంతులా పలికింది. ఆవిడ బొటనవేలితో ఆ మెట్టుని మెత్తటి మైనంలో నెమ్మదిగా వెనక్కి తోసి, విని, మళ్ళీ తోసి, విని, గంటసేపటికి ఎలాగో దారికి తెచ్చింది. సూరయ్య పెట్టిన చోటికి మాత్రం రాలేదు. కొంచెం దగ్గర్లోకి వచ్చింది, అంతే. మరోసారి జారితే తన వల్ల కాదని ఆవిడకి అర్థమయింది. పరీక్షకి ఇంకా పది రోజులుంది.

మెట్లెక్కి పైకొచ్చింది. భావనారాయణ గారు వసారాలో విసనకర్రతో విసురుకుంటున్నారు. పదిహేనేళ్ళ కాపురంలో ఆవిడ మామగారి ముందు గొంతు పెంచి ఎరగదు. ఆ రోజు పెంచింది.

"చీర మీరే విప్పారా మావయ్యగారూ?"

"నేనే విప్పానమ్మా. కట్టకూడదు."

"మీ అబ్బాయి కళ్ళ కోసం మీరు మొక్కుకున్నారు. మంచిదే. నా కూతురి చేతుల కోసం ఈ ఇంట్లో ఎవరు మొక్కుకుంటారు?"

ఆయన విసనకర్ర ఆపారు. ప్రసూనాంబ గారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. విశాలి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కడిగింది, కడిగినవే మళ్ళీ కడిగింది.

ఆ రోజు నుంచి ఆవిడ మామగారితో మాట్లాడడం మానేసింది. కంచం పెడుతుంది, మజ్జిగ పోస్తుంది, తల ఎత్తదు. ఆయన ముఖం చూస్తే తన కోపం తగ్గిపోతుందేమోనని భయం, తగ్గకపోతే ఇంకేమంటుందోనని మరో భయం. కామేష్ రెండువైపులా సర్దబోయి ఇద్దరి చేతా చీవాట్లు తిన్నాడు. కాస్త జరిగి కూర్చోమన్నా ఉలిక్కిపడేలా తయారయింది విశాలి. బళ్ళో పాట మధ్యలో ఆగిపోయేది. స్వరం చెబుతూ చెబుతూ కిటికీలోంచి ఎండ ఎంత పైకొచ్చిందో చూసేది. ఇప్పుడు ఎనిమిదయింది, ఇప్పుడు దండి మధ్యకి వచ్చి ఉంటుంది, ఇప్పుడు పంచమం మీద ఉంటుంది అని లెక్క కట్టుకునేది. సెలవు పెడదామంటే సంవత్సరం ఆఖరి రోజులు, హెడ్మాస్టరు ససేమిరా అన్నాడు, మధ్యలో వచ్చిన ఆదివారం కూడా మార్కుల పనికి రమ్మన్నాడు. ఆశ్రితకీ బడే. అత్తగారు మోకాలి నొప్పితో మెట్లు దిగలేరు.

విచిత్రం ఏమిటంటే, అంతా అయిపోయిందనుకున్న మర్నాడు ఇంటికొచ్చి మైనం తాకితే గట్టిగా ఉంది. నమ్మకం కలగక గోటితో నొక్కింది. గట్టిగానే ఉంది. ఆ మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. థర్మామీటరు చూస్తే పెద్ద తేడా ఏమీ లేదు, అదే ముప్పై అయిదు. తాటాకు బాగా సర్దుకుని ఉంటుందనుకుంది, సోములుని మనసులో దీవించింది. అయినా మనసు కుదుటపడలేదు. ఎందుకు మెత్తబడుతోందో తెలిసిన రోజుల్లో ఒక రకం దిగులు, ఎందుకు మెత్తబడడం లేదో తెలియని ఈ రోజుల్లో ఇంకో రకం దిగులు.

చిన్న చిన్నవి కొన్ని కనబడుతూనే ఉన్నాయి. గేటుకి అడ్డంగా తను సర్దిపెట్టిన బల్ల మధ్యాహ్నానికి గేటు వైపు నిలువుగా తిరిగి ఉండేది. షెడ్డు తుడిచే పనిమనిషి జరిపి ఉంటుందని విసుక్కుని మళ్ళీ అడ్డంగా పెట్టేది. మర్నాటికి మళ్ళీ నిలువు. గేటు నుంచి లోపలికి సిమెంటు నేల మీద గుండ్రటి నీటి మరకలు, అడుగుకొకటి చొప్పున నాలుగో అయిదో, ఆరిపోయి తెల్లగా కనబడేవి. పైన తడి ఎక్కడి నుంచి కారుతోందా అని తలెత్తి రేకులన్నీ వెతికింది. సాయంత్రాలు ప్రసూనాంబ గారు మొగుడి ముఖానికీ ఛాతీకీ మీగడ రాస్తున్నారు. వేసవి కదా, పేలి ఉంటుందనుకుంది. ఆయన ముఖం చూస్తే గదా తెలిసేది.

అలా తొమ్మిదో రోజు వచ్చింది. మర్నాడే విజయనగరం ప్రయాణం. బడికి కూడా అదే ఆఖరి రోజు, పిల్లలకి మార్కుల కాగితాలు ఇచ్చేసి ఎనిమిదిన్నరకే పంపేశారు. ఆశ్రిత స్నేహితురాళ్ళతో ఆగిపోయింది. విశాలి ఆటో ఎక్కింది. ఎనిమిదిన్నరకే ఎండ చురుక్కుమంటోంది. ఆటో గుడి దగ్గర జనంలో ఇరుక్కుంటే కూర్చోలేక దిగిపోయి, కొంగు నెత్తిన వేసుకుని నడిచింది.

కొట్టు ముందు జనం ఉన్నారు. వాళ్ళని తప్పించుకుని షెడ్డు వైపు తిరిగి, గేటు దగ్గర ఆగిపోయింది.

గేటు తీసి ఉంది. గేటుకి రెండడుగులు లోపలగా భావనారాయణ గారు ఎండకి ఎదురుగా నిలబడి ఉన్నారు. పంచె కట్టు, పైన చొక్కా లేదు. కండువా వీపు మీదుగా వేసుకుని, దాని చెరగులు రెండు చేతుల్లో పట్టుకుని, చేతులు బారజాపి ఉన్నారు. కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్నారు. నుదురూ ముక్కూ కమిలి పొట్టు లేచాయి, ఛాతీ అంతా ఎర్రగా కందిపోయింది. కాళ్ళ దగ్గర రాగిచెంబు. ఆయన వెనక బల్ల నిలువుగా తిప్పి ఉంది. ఆయన నీడ పోయి సరిగ్గా దండి పొడుగునా పరుచుకుని ఉంది. ఒక్క మెట్టు కూడా ఎండలో లేదు.

విశాలి చూస్తుండగానే ఆయన కళ్ళు తెరవకుండా ఒంగి, చెంబులోంచి చారెడు నీళ్ళు కాళ్ళ ముందు వదిలి, ఒక అడుగు వెనక్కి వేసి మళ్ళీ చేతులు జాపారు. ఎండ పైకెక్కిన కొద్దీ నీడ పొట్టిదవుతుంది గదా. పొట్టిదైన కొద్దీ వీణకి దగ్గరగా జరుగుతున్నారు. నేల మీద గుండ్రటి మరకలు ఎవరివో అప్పుడు తెలిసింది.

తాయారు కొట్టులోంచి అట్లకాడ పట్టుకునే వచ్చి విశాలి పక్కన నిలబడింది. "ఇప్పుడు సూసేరా టీచరమ్మా. మీరు బండెక్కీసిన కాణ్ణుంచి పదవ్వొచ్చేదాకా ఇలగే. ఇయ్యాలికి తొమ్మిది రోజులు. డెబ్బయ్యొకటో ఏడు మనిషి, పడిపోతారు బాబుగోరూ అంటే ఇనరు. మీకు సెప్పొద్దన్నారు, సెప్పనేదు."

విశాలి చెప్పులు వీధిలోనే విడిచేసింది. ఆయన పక్కనుంచి లోపలికి వెళ్ళి, ఎందుకు చేస్తోందో తెలియకుండానే అలవాటు కొద్దీ ఒంగి, పంచమం మెట్టు కింద మైనాన్ని తాకింది. చల్లగా, రాయిలా ఉంది. తొమ్మిది రోజుల కిందట తను బొటనవేలితో నిలబెట్టిన చోటే ఉంది. సిగ్గుతో ఆవిడకి ఒళ్ళంతా చచ్చిపోయినట్టయింది. తొమ్మిది రోజులు ఈ మనిషికి తల ఎత్తకుండా అన్నం పెట్టింది.

పరిగెత్తుకెళ్ళి కొట్టులోంచి తాయారు గొడుగు తెచ్చింది. దాన్ని ఆయన తల మీద పట్టబోతే ఆయన కళ్ళు తెరిచారు. కోడల్ని చూసి దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా కంగారుపడ్డారు.

"గొడుగు వద్దమ్మా. అదీ తెరే."

"లోపలికి రండి మావయ్యగారూ. మీ కాళ్ళు పట్టుకుంటాను. వీణ ఎలా పోతే అలా పోతుంది."

"ఏటమ్మా ఆ మాట. తెర కట్టనని మొక్కుకున్నాను గాని, నిలబడనని మొక్కుకోలేదు గదా. ఆయన వెలుగు నేనేం ఆపడం లేదు. నా ఒంటి మీద పడనిస్తున్నాను."

విశాలికి దుఃఖం ఆగలేదు. ఆ రోజు అన్న మాటలు మనసులో పెట్టుకుని ఇలా చేస్తున్నారా, నన్ను రెండు తిట్టి ఊరుకోకూడదా అని ఏదేదో అనేసింది. ఆయన చేతులు దించలేదు. చెమట కనుబొమల మీంచి కళ్ళలోకి దిగుతుంటే రెప్పలు కొట్టుకుంటూ, ఎండలోకే చూస్తూ చెప్పారు.

"కోపం కాదమ్మా. నువ్వు అడిగిన మాట సబబుగా ఉన్నాది. పిల్ల చేతుల కోసం ఎవరు మొక్కుకుంటారని అడిగావు. ఆ మర్నాడు పొద్దున్నే మొక్కుకున్నాను. పరీక్ష దాకా ఆ వీణకి తగిలే ఎండ నాకే తగలాలని. ఇవాళ్టితో తీరిపోతాది."

కొట్టు ముందు జనం అటే చూస్తున్నారు. విశాలికి ఆ పూట ఎవరు చూస్తే ఏమిటనిపించింది. గొడుగు మూసి నేల మీద పెట్టింది. నెత్తిన కప్పుకున్న కొంగు తీసేసి, మామగారి ఎడమవైపుకి వచ్చి, ఆయనలాగే తూర్పుకి తిరిగి, కొంగు చివర చేత్తో పట్టుకుని చెయ్యి జాపింది. ఎండ ముఖం మీద చరిచింది. కళ్ళు తెరిచి ఉంచడం ఆవిడ వల్ల కాలేదు. ఇంకో గంటన్నా ఉంది ఎండ బల్ల దాటడానికి.

భావనారాయణ గారు మెడ తిప్పి వెనక వీణ మీది నీడని ఒకసారి చూసుకున్నారు.

"కొంచెం ఇటు జరుగమ్మా. చివరి మెట్ల మీద ఎండ పడుతున్నాది."

విశాలి జరిగింది.